అడుగువారు లేని విద్య

బి.ఫార్మసీ ముగించిన మన పిల్లలలో పలువురు పై చదువునకు పోవుట లేదనియు, పోయినవారిలోను పలువురు మనసు పెట్టి చదువుట లేదనియు ఉపాధ్యాయులును పెద్దలును తఱచుగా వాపోవుచుందురు. కారణమేమని యడిగినచో రెండు సమాధానములు సిద్ధముగ నుండును. డబ్బు లేదనుట మొదటిది. శ్రద్ధ లేదనుట రెండవది. తండ్రులు మొదటిదానిని, ఉపాధ్యాయులు రెండవదానిని చెప్పుదురు. ఈ రెండును అసత్యములని మేమనము. కాని యీ రెంటితో విషయము తేలిపోయినదని తలచుటకు మాకు మనసొప్పదు. మనుష్యుడు తాను నేర్చిన విద్యను ఇంకను లోతుగా నేర్వవలెనని యేల కోరును, ఏల మానుకొనును అనునది లెక్కల ప్రశ్న మాత్రమే కాదు. అందు ధర్మప్రశ్న యొకటి దాగియున్నది. దానిని ఆకాశమున నిలిపి విచారించుటకంటె ఒక యూరిని ముందుంచుకొని విచారించుట మేలని మంచిర్యాలను గైకొనుచున్నాము.

గోదావరి యొడ్డుననున్న యీ పట్టణము 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. నాటినుండి తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణము. చుట్టును మందమర్రి, శ్రీరాంపూరు, రామకృష్ణాపూరు, బెల్లంపల్లి బొగ్గుగనులు. జన్నారము వైపు పోయినచో అడవి, ఆ యడవిపల్లెలలో గోండులు, కోలాములు. చెన్నూరు వైపు వరియు ప్రత్తియు పండించు రైతులు. కాజీపేటనుండి బల్లార్షాకు పోవు రైలుమార్గము ఊరి నడుమగ సాగును. ఔషధవిద్య గోరు పిల్లలలో పలువురు ఆ రైలెక్కి, పెద్దపల్లి జమ్మికుంటల మీదుగా కాజీపేటలో దిగి హనుమకొండకో, దిగక హైదరాబాదునకో పోవుదురు. హనుమకొండలోని కాకతీయ విశ్వవిద్యాలయపు ఔషధశాస్త్ర కళాశాల 1974లో, అనగా ఆ విశ్వవిద్యాలయము పుట్టుటకు రెండేండ్లు ముందే, ఉస్మానియావారి స్నాతకోత్తర కేంద్రమున శాఖగ వెలసినది. ఉత్తర తెలంగాణమునకు ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. దేశమంతటికిని చూచినను మహాదేవలాల్ ష్రాఫ్ కాశీ హిందూ విశ్వవిద్యాలయమున దీనికి బీజము వేసినది 1932లో. ఇంత కాలము గడచిన పిదపను ఈ విద్యయందు పై మెట్టెక్కుటకు పిల్లలు వెనుకాడుచున్నారనిన, కారణము పిల్లలయందే వెదకుట న్యాయమగునా?

మొదట ఇంటి లెక్కను చూతము. లెక్క చూచుట నీచమని మేము తలపము. నెలజీతముతో బ్రదుకు ఇల్లు లెక్క చూడక మనజాలదు. ఒక గనికార్మికుని యింటిని దలపుడు. తండ్రికి ఏబదియైదేండ్లు. ముప్పదియేండ్లు భూగర్భమున బనిచేయగా మోకాళ్లు అరిగినవి, రక్తపుపోటు వచ్చినది. పెద్దకొడుకు ఇంటరు పిదప నాలుగేండ్లు చదివి బి.ఫార్మసీ పట్టము తెచ్చుకొన్నాడు. ఎం.ఫార్మసీకి మఱి రెండేండ్లు కావలెను. తల్లి ‘ఇంకెన్నేండ్లు సదువుతవు బిడ్డా?’ అని యడుగును. ఆ మాటలో విద్యపై ద్వేషమేమియు లేదు. కూతురి పెండ్లి యున్నది, ఇంటికై చేసిన యప్పున్నది, భర్త పదవీవిరమణ దగ్గరపడుచున్నది. పైగా, తండ్రి దేహము పనికి చాలదని వైద్యమండలి తేల్చినచో కొడుకునకు సింగరేణిలో కారుణ్య నియామకము దొరకు మార్గమొకటి యున్నది. పట్టభద్రులైన పిల్లలు ఈ మార్గమున బొగ్గుబావిలోనికి దిగుట ఈ ప్రాంతమున ఎల్లరెఱిగిన సంగతియే. 2023లో కుదిరిన పదునొకండవ బొగ్గు వేతన ఒప్పందము ననుసరించి గనిలో చేరినవానికి వచ్చు జీతమును, ఎం.ఫార్మసీ ముగించి యేదో ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడుగ చేరినవానికి తొలి యేట వచ్చు జీతమును ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో, ఆ తల్లి యడిగిన ప్రశ్నకు మనము చెప్పగల సమాధానము చాల కష్టమైనది.

సహాయములు లేవా యందురేమో. ఉన్నవి. జీప్యాట్ అను జాతీయ పరీక్షయందు అర్హత పొంది ఎం.ఫార్మసీలో ప్రవేశించినవారికి నెలకు 12,400 రూపాయల వేతనము 24 నెలలపాటు ఈయవలెనని నియమము. ఆ పరీక్ష దాటనివారికి అది లేదు. వెనుకబడిన తరగతుల పిల్లలకు, దళితులకు, గిరిజనులకు ప్రభుత్వము బోధన రుసుమును కళాశాలకు చెల్లించు పథకము కలదు. కాని బకాయిలు పేరుకొని పేరుకొని, 2025 నవంబరులో రాష్ట్రమందలి ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలుపువరకు వచ్చినది. ప్రభుత్వము చెల్లింపలేదను కారణమున కళాశాల పిల్లవాని ధ్రువపత్రములను తన బీరువాలోనే యుంచుకొన్నచో, అతడు పై చదువునకు దరఖాస్తు పెట్టుకొనుట యెట్లు? అట్టివానికి శ్రద్ధ లేదనుట, చెప్పులు దాచిపెట్టి నడకరాదని వెక్కిరించుట వంటిది.

పట్టుదల యుండినచో ధనమడ్డము రాదని చెప్పువారు యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తుదురు. ఆ మహనీయుడు 1895లో భీమవరమున బుట్టి, అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పని చేయుచు చదివి, తరువాత లెడర్లే పరిశోధనశాలకు నాయకుడై, ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదగు ఆరియోమైసిన్‌ను లోకమునకు దెచ్చిన పరిశోధనలను నడపెను. నిజమే. కాని యీ కథ చెప్పునపుడు మనవారు ఒక పుటను తఱచుగ వదలిపెట్టుదురు. అతడు ఓడ యెక్కుటకు వెనుక మామగారు కూర్చిన ధనమున్నది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి వాగ్దానమున్నది. పట్టుదలకు నిలుచుటకొక పలకయైన నుండవలెను. మంచిర్యాల పిల్లవానికి ఆ మామగారును లేరు, ఆ ధర్మసంస్థయును లేదు.

ఇంత చెప్పినను ధనమే సర్వమని మేము ఒప్పుకొనజాలము. ఏలయన, ఇట్టి యిండ్ల పిల్లలే, ఉన్న పొలమో ఇల్లో కుదువబెట్టి, లక్షల ఋణముతో స్నాతకోత్తర విద్యకై అమెరికాకు పోవుట మన కన్నులయెదుట జరుగుచున్నది. హనుమకొండలో రెండేండ్ల చదువనగా వెనుదీసిన యిల్లు సముద్రము దాటిన రెండేండ్ల చదువునకు అప్పు చేయుటకు వెనుదీయదు. కనుక ఆ యింటికి చదువుపై ఖర్చు పెట్టు ధైర్యము లేదనరాదు. చదువు చివర తన బిడ్డకొక స్థానము కాచియున్నదను నమ్మకము కలిగినచోట ఆ ధైర్యము దానంతట వచ్చును. ఆ నమ్మకము నిజమో కాదో వేఱు మాట. ఋణములో మునిగి తిరిగి వచ్చినవారును కలరు.

దీనికొక తార్కాణము మన యౌషధవిద్య చరిత్రలోనే యున్నది. అమెరికాలో ఔషధదాతగ నియమితుడు కాగోరు విదేశీయుడు మొదట అచ్చటివారి సమాన పరీక్ష వ్రాయవలెను. 2003 జనవరి 1వ తేదీనుండి పట్టము పొందినవారు ఆ పరీక్షకు అర్హులు కావలెననిన కనీసము ఐదేండ్ల ఔషధవిద్య చదివి యుండవలెనని వారు నియమము చేసిరి. మన బి.ఫార్మసీ నాలుగేండ్లది. ఎక్కడో వేల మైళ్లకావల ఒక సంఘము వ్రాసికొన్న ఒక్క వాక్యము తెలుగుదేశమునందలి వేల యిండ్లలో సంభాషణను మార్చినది. 2008లో మన దేశమున ఆరేండ్ల ఫార్మ్.డి. చదువు నెలకొన్నపుడు, దానికై పిల్లలు ఎగబడుటకు ఈ యాశయు నొక కారణమైనది. అమెరికాలోనే చూడుడు: అచ్చట ఔషధపట్టము ముగించిన పిదప ఆసుపత్రిలో ఒక యేడు, కోరినవారికి రెండవ యేడు, రెసిడెన్సీ యను శిక్షణ గలదు. ఆ యేడాది వచ్చు వేతనము, నేరుగ ఉద్యోగమున చేరినవాని జీతముకంటె చాల తక్కువ. చదువు కొఱకు చేసిన యప్పు తలమీద నుండగనే, ఆ తక్కువ వేతనమునకు పిల్లలు పోటీపడుదురు. ఎందులకన, పెద్ద యాసుపత్రులు రోగి ప్రక్కన పనిచేయు ఔషధజ్ఞుని చేర్చుకొనునపుడు ఆ శిక్షణను అడుగును. మా దృష్టిలో ఈ వ్యవహారమునకు కీలకమైన మాట ‘అడుగును’ అనునదియే.

ఇక మంచిర్యాలకు రండు. ఇచ్చట ఔషధజ్ఞుని జ్ఞానమును ఎవరడుగుచున్నారు?

మెడికల్ దుకాణము ముందు నిలువుడు. గోడమీద అద్దముల చట్టములో ఒక ధ్రువపత్రము వ్రేలాడుచుండును. 1948నాటి ఫార్మసీ చట్టపు 42వ సెక్షను ప్రకారము, నమోదైన ఔషధజ్ఞుడు గాక యితరుడు వైద్యుని చీటికి మందు కూర్చి యీయరాదు. ఐనను ధ్రువపత్రముమీది పేరు గలవాడు అచ్చట నున్నాడా యని వెదకినచో, పలుచోట్ల ఉండడు. అతడు హైదరాబాదులో మఱొక యుద్యోగము చేయుచుండును. లేక మరియొక పరీక్షకు చదువుకొనుచుండును. అతని కాగితము మాత్రము నెలకింత యని యద్దెకు వచ్చి గోడనెక్కినది. మందిచ్చువాడు పది తరగతులు చదివిన, చేతివాటము గల యొక కుఱ్ఱవాడు. మంచిర్యాలలోని దుకాణములన్నియు నిట్టివని మేమనము. ఉదయమునుండి రాత్రివరకు తానే నిలిచి, వచ్చిన ముసలివారికి గోలి యెప్పుడు వేసికొనవలెనో చీటిమీద సూర్యుని బొమ్మయు చంద్రుని బొమ్మయు వ్రాసి యిచ్చువారును కలరు. కాని కాగితమద్దెకిచ్చు వాడుక మన రాష్ట్రమున గల దనుట ఎవరును కాదనలేనిది.

ఆ బల్ల ముందు జరుగు విషయమును కొంచెము నిదానముగ జూతము, ఏలయన మొత్తము వ్యవహారమునకు మూలమిచ్చటనే యున్నది. మనము దలచుకొన్న యా కార్మికుడు అచ్చటికి వచ్చును. రక్తపుపోటునకు ఆసుపత్రిలో నిచ్చిన గోలీలు వేసికొనుచున్నాడు. మోకాళ్ల నొప్పికి దుకాణములో అడిగి డైక్లోఫెనాక్ గోలీలు కొనుక్కొనును; ఒకనాడు కాదు, నెలలతరబడి. ఈ నొప్పిగోలి రక్తపుపోటు మందు పనిని తగ్గించును. కొన్ని పోటుమందులతోను, మూత్రము జారీచేయు మందులతోను కలిసినపుడు మూత్రపిండములను చెఱచును. రెండు గోలీలును వేఱువేఱుగ మంచివే. ఒక్క దేహములో కలిసినపుడు అవి చేయు పని వేఱు. చక్కెరవ్యాధి గల మఱొకనికి క్షయ సోకినది. క్షయకిచ్చు రిఫాంపిసిన్, చక్కెరకు వేసికొను కొన్ని గోలీల బలమును తగ్గించును; కుటుంబనియంత్రణ గోలీల బలమును తగ్గించును. ఈ మాట అతనికి, అతని భార్యకు ఎవరు చెప్పవలెను? వైద్యుని గుమ్మమున నూరుగురు వేచియుందురు. మందును చేతికిచ్చు చివరివాడు చెప్పవలెను. మూడవవాడు జ్వరమునకు సూది వేయించుకొని, ఐదు దినముల యాంటీబయాటిక్‌కు చీటి యుండగ రెండు దినములకే కొని పోవును. మిగిలిన మూడు దినముల సంగతి అతనిని ఎవరును అడుగరు. కొన్ని యాంటీబయాటిక్‌లను క్షయమందులను హెచ్1 అను పట్టికలో చేర్చి, వ్రాసిన వైద్యుని పేరును, రోగి పేరును, మందు పరిమాణమును ప్రత్యేక పుస్తకమున నెక్కించి మూడేండ్లు భద్రపఱచవలెనని 2014నుండి నియమమున్నది. పుస్తకమును వ్రాయవలసినవాడు దుకాణములో లేనపుడు ఆ పుస్తకములో ఏమి యుండునో చదువరులే యూహింపవచ్చును.

బి.ఫార్మసీ పిల్లవానికి మందును నేర్పును. అనేక మందులు, అనేక రోగములు, పేదఱికము, మఱపు, భయము కలిసి యున్న యొక మనిషిని నేర్పునది పై చదువు. ఫార్మసీ ప్రాక్టీసను శాఖయందు ఎం.ఫార్మసీ గాని, ఆసుపత్రిలో తిరిగి నేర్చు ఫార్మ్.డి. గాని ఇందుకే యేర్పడినవి. పైన జెప్పిన ముగ్గురును ప్రతిదినము మందులబల్ల ముందునకు వచ్చుచునే యున్నారు. కావున ఈ విద్యకు పని లేదనుట పచ్చి యబద్ధము. పని కావలసినంత యున్నది. పని యప్పగించువారు లేరు. విద్యార్థి దీనిని చూచుచునే యున్నాడు. నాలుగేండ్లలో తాను నేర్చినదానినే యెవరును అడుగనపుడు, ఆఱేండ్లు నేర్చినచో అడుగుదురని యతడెట్లు నమ్మును?

ప్రభుత్వముకూడ అడుగుట లేదు. 2024లో రాష్ట్ర వైద్యసేవల నియామకమండలి 633 ఫార్మసిస్టు గ్రేడు-2 ఉద్యోగములకు ప్రకటన చేసినది. రెండేండ్ల డిప్లొమా యున్నను చాలును, నాలుగేండ్ల పట్టమున్నను అంతే. అర్హత పరీక్షకు 80 మార్కులు. ప్రభుత్వాసుపత్రులలో ఒప్పందముమీద పనిచేసినందులకు 20 మార్కులు. పై చదువునకు ప్రత్యేకముగ నొక్క మార్కును లేదు. డిప్లొమా చదివిన పేదపిల్లల యుద్యోగములను పై చదువువారికి దోచిపెట్టుమని మా మాట కాదు. ఆ పై చదువువారికి వేఱొక పని, వేఱొక కుర్చీ ఆసుపత్రిలో నుండవలెనని మా కోరిక. మంచిర్యాలలో 2022 నవంబరున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. వైద్యవిద్యార్థులు రోగి మంచము చుట్టును నిలిచి పాఠము వినుచున్న చోట, ఆ రోగికి వ్రాసిన యెనిమిది మందులను ఒకదానితో నొకటి సరిచూచు వానికిని ఒక చోటు చూపుట వైద్యమునకు పెద్ద భారము కాదు.

కర్మాగారముల సంగతి కొంత మేలు. 1961లో స్థాపింపబడిన ఐ.డి.పి.ఎల్. హైదరాబాదున తన కర్మాగారమును నెలకొల్పినప్పటినుండియు, 1970 పేటెంటు చట్టము మందును గాక దానిని చేయు పద్ధతిని మాత్రమే పేటెంటుగ పరిగణించినందునను, మన రాజధాని చుట్టును ఔషధపరిశ్రమ పెరిగినది. ఆ ప్రభుత్వసంస్థలో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో స్వంత సంస్థను స్థాపించుట ఎల్లరకు దెలిసినదే. పరీక్షనాళికల పని, నాణ్యతపని తెలిసినవారిని పరిశ్రమ అడుగుచున్నది. అందుచేతనే ఆ శాఖలలో పై చదువునకు పిల్లలు ముందుకు వచ్చుచున్నారు. ఇదియు మేము చెప్పినదానికి సాక్ష్యమే.

ఇచ్చట మఱియొక మాట దాచరాదు. పై చదువునకు పోవువారందఱును విద్యాకాంక్షతో పోవుదురనుకొనుటయు భ్రమయే. ఉద్యోగము దొరకక, ఇంటిలో ఊరక కూర్చున్న చులకన యగునని, రైలు వచ్చువరకు స్టేషనులో కూర్చున్నట్లు ఎం.ఫార్మసీలో కూర్చుండువారు కలరు. అట్టివారు చేరినందున సీట్లు నిండును, విద్య నిండదు. వారి పరిశోధనగ్రంథము మఱియొకరి పరిశోధనగ్రంథమునకు నకలై బీరువా చేరును. ప్రోత్సాహమనగా చేరువారి సంఖ్యను పెంచుటయే యని తలచు విద్యాధికారులు ఈ భేదమును గమనింపవలెను.

ఆడుపిల్లల సంగతి వేఱుగ చెప్పవలసియున్నది. ఇంజనీరింగునకంటె ఫార్మసీ ఆడుపిల్లకు తగిన చదువని మన యిండ్లలో నొక యభిప్రాయము కలదు. ఎండన తిరుగనక్కఱలేదు, నీడపట్టున పని, పెండ్లియైన పిదప ఊరు మాఱినను ఎచ్చటనైన పనికివచ్చునని తల్లిదండ్రుల యూహ. చదివింపరని మేమనజాలము, చదివించుచున్నారు. కాని బి.ఫార్మసీ చివరి యేడు వచ్చుసరికి సంబంధములు చూచుటయు మొదలగును. ‘ఎక్కువ చదివినదానికి అంతకంటె ఎక్కువ చదివినవానిని దేవలె, కట్నమెక్కడినుంచి దేవలె’ అని మేనమామలు లెక్క వేయుదురు. ఇచ్చట విద్య ఆమె గుణముగ గాక ఆమె ధరను పెంచు దోషముగ లెక్కకు వచ్చుచున్నది! కొడుకు విషయమున ‘ఎంత సంపాదించును’ అని యడుగు ఇల్లు కూతురి విషయమున ఆ ప్రశ్నను కూడ నడుగదు. ఆమె యేమి చేయగలదని యసలే యడుగదు. కొడుకునకు పై చదువు మాన్పించునది జీతపు లెక్క. కూతురికి మాన్పించునది తన యింటిలోనే తాను అతిథి యను భావము. సంస్కారము గల కుటుంబములని పేరుపడిన వానిలోను ఈ రెండవది చెక్కుచెదరక యున్నది. కట్నమునకై కూడబెట్టిన ధనములో నాలుగవ వంతు చాలును, ఆమె రెండేండ్లు హనుమకొండలో నుండి చదువుకొనుటకు.

భాషను గూర్చియు రెండు మాటలు. ఈ పిల్లలలో పలువురు పల్లెబడులలో తెలుగున చదివి, ఔషధశాస్త్రమునంతయు ఇంగ్లీషున మ్రింగినవారు. పై చదువు ప్రవేశపరీక్ష ఇంగ్లీషుననే యుండును. పరీక్ష మాట యటుండనిండు, తాను నేర్చినదానిని తల్లికి చెప్పుటకు అతనికి మాటలు లేవు. రెండు మందులు లోపల నొకదానినొకటి చెఱచుకొనుటను తెలుగున, గోండిలో, ఉర్దూలో చెప్పుట యెట్లో ఏ తరగతిలోను నేర్పలేదు. ఇంటివారికి చెప్పజాలని విద్యను ఇంటివారెట్లు గౌరవింతురు? కొడుకు నాలుగేండ్లు ఏమి చదివినాడో తెలియని తల్లికి, అతడు మఱి రెండేండ్లు చదువబోవునది తెలియుట యెట్లు? ఆమె మెచ్చుకొనలేదని మనము వగచుచున్నాము గాని, మెచ్చుకొనుటకు వీలుగ ఆమె ముందు ఒక్క వాక్యమునైనను బెట్టలేదు.

ఇంతవఱకు చదివిన పెద్దలొక యాక్షేపము చేయవచ్చును. విద్యను అడుగువారున్నప్పుడే నేర్వవలెనా? ఫలాపేక్ష లేక నేర్చుట గదా ఉత్తమము? లోకమడిగినదానినే నేర్చినచో లోకమింకను అడుగ నేర్వనిదానిని ఎవరు కనిపెట్టవలెను? ఈ యాక్షేపమును మేము తేలికగ ద్రోయము. అడుగువారు లేకున్నను తన లోపలి యాకలిచేత నేర్చువారు ప్రతి తరమునను కొందఱుందురు. వారివలననే శాస్త్రము ముందునకు సాగును. అట్టివానిని చూచినపుడు మేము చేతులు జోడింతుము. కాని నిష్కామము ఒకడు తనకు తాను విధించుకొనదగిన నియమమే గాని, ఇతరులపై విధింపదగినది కాదు. నెలజీతమునకు, పింఛనునకు ముప్పు లేని మనము, మోకాళ్లరిగిన కార్మికుని కుమారునితో ‘ఫలము గోరకుండ చదువుము’ అని చెప్పుట ధర్మబోధ యనిపించుకొనదు. ఇతరుని యాకలితో తాను వ్రతము చేయుట యగును.

ఐనను విద్యార్థికి బాధ్యత లేదని మేము తీర్పు చెప్పబోము. అతనిదైన బాధ్యత యొకటి స్పష్టముగ కలదు. ఉద్యోగము లేక, ఇంటివద్ద ఊరకున్న కాలమున, నెలకు కొన్ని వేల రూపాయలకు తన ధ్రువపత్రమును దుకాణమువాని కద్దెకిచ్చువాడు తాను చేయుచున్న పనిని తెలిసికొనవలెను. చట్టవిరుద్ధమగుట యటుండనిండు. ఔషధజ్ఞుడు లేకున్నను మందులబల్ల నడచునని యతడు ఊరివారందఱికి ప్రతిదినము ఋజువు చేయుచున్నాడు. తన విద్య అనవసరమని తానే సంతకము చేసి యిచ్చుచున్నాడు. ఆ సంతకము మూలమున, అతని వెనుక వచ్చు తమ్ముడు అదే రైలులో హనుమకొండకు పోయి పై చదువు చదివి వచ్చినను మంచిర్యాలలో నిలుచుటకు చోటుండదు. బీదతనము దీనిని అర్థము చేసికొనుటకు పనికివచ్చును గాని, సరియని చెప్పుటకు పనికిరాదు. ధ్రువపత్రమద్దెకు దీసికొను వర్తకుని తప్పు ఇంతకంటె పెద్దది. ఆ సంగతి తెలిసియు కన్ను మూసికొను తనిఖీ యధికారి తప్పు ఇంకను పెద్దది.

ఇక మన తప్పు. ఈ పత్రికను చదువు ఇండ్లలో మందులు కొనని యిల్లుండదు. చక్కెరకు, పోటునకు, నిద్రకు, నొప్పికి డబ్బాలు నిండియున్నవి. కూరగాయల యంగడిలో వంకాయ పుచ్చున్నదా యని త్రిప్పి త్రిప్పి చూచు మనము, మందుల బల్ల ముందు మాత్రము డబ్బిచ్చి, సంచి పట్టుకొని మాటాడక వచ్చెదము. ‘ఇచ్చట ఔషధజ్ఞులెవరు? వారితో నొక్క మాట మాటాడవలెను’ అని ఎన్నడైన నడిగితిమా? ఇరువది యిండ్లవారు నెల దినములు వరుసగ ఆ మాట యడిగినచో, గోడమీది కాగితమునకు తగిన మనిషిని తెచ్చి నిలుపుట వర్తకునికే లాభమగును. వర్తకుడు గిరాకి నెఱిగినవాడు.

ఇంటిలోను అట్లే. కొడుకో కూతురో బి.ఫార్మసీ చదువుచు సెలవులకు మంచిర్యాల స్టేషనులో దిగి యింటికి వచ్చినపుడు, మార్కులెన్ని, ఉద్యోగమెప్పుడు అని యడుగుటకు ముందు, తండ్రి తన గోలీల డబ్బాను బిడ్డ ముందు బెట్టి ‘ఇవన్ని కలిపి యేసుకుంటే ఏమన్న అయితదా, చూడు’ అని యడుగవచ్చును. పిల్లవాడు మొదట నాలుగు పేర్లు చదివి తెలిసినంత చెప్పును. పిదప ఐదవదానిని చేతబట్టుకొని కొంతసేపు ఆలోచించును, పుస్తకము తీయును, ఆ పుస్తకమున దాని గుణము, మోతాదు ఉండును గాని, అరువదేండ్లకు సమీపించు తన తండ్రి దేహమున మిగిలిన నాలుగింటితో అది యేమి చేయునో ఉండదు. హనుమకొండకు తిరిగి పోయినపుడు ఉపాధ్యాయుని అడిగి చెప్పెదనని అతడనును.